పంచుకోని డబ్బు

1980 చివర్లో వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ళ బ్యాండు విడిపోయింది. కచేరీల మీద వచ్చిన డబ్బుని నలుగురూ ఎప్పటికప్పుడు ఒక చుట్టల పెట్టెలో వేస్తూ వచ్చారు. మొత్తం కొన్ని వందల డాలర్లు. పంచుకుంటే ఎవరి వాటా వాళ్ళ జేబులో పడి నెల తిరక్కుండా ఖర్చయిపోయేది. పంచుకోలేదు. అప్పటికే పాడి దాచుకున్న ఎనిమిది పాటల టేపు ఉంది కదా, ఆ డబ్బు దానిమీద పెట్టి ఏడంగుళాల రికార్డు వేయించారు. వెయ్యి కాపీలు. పేరు ‘మైనర్ డిస్టర్బెన్స్’. లాభం చూసుకుని దిగిన పని కాదు. ఈ ఊళ్ళో, ఈ వయసులో మేం ఇలా పాడాం అని ఒక గుర్తు మిగలాలనుకున్నారు. బాసు గిటారు వాయించిన ఇయన్ మెకై, డ్రమ్స్ వాయించిన జెఫ్ నెల్సన్ ఆ రికార్డు కోసమే ఒక లేబుల్ పేరు పెట్టారు: డిస్కార్డ్.

ఇద్దరూ అప్పుడే హైస్కూలు దాటినవాళ్ళు. రికార్డు ఎలా తయారవుతుందో ఇద్దరికీ తెలియదు. అయితే ఈ పనిలో ఒక మంచి గుణం ఉంది. దీన్ని ముక్కలుగా విడదీస్తే ప్రతి ముక్కా డబ్బిస్తే ఎవరికైనా చేసిపెట్టేదే. టేపులోని పాటని లక్కపూత పళ్ళెం మీద గాడిగా కోసేవాళ్ళు ఒకరు. దాన్నుంచి లోహపు అచ్చు తీసి, ప్లాస్టిక్ ముద్ద మీద ఒత్తేది ఫ్యాక్టరీ. ఏది ఎక్కడ చేయించాలో చెప్పే మనిషి ఒకరుంటే చాలు. వీళ్ళకి ఆ మనిషి దగ్గర్లోని రాక్‌విల్‌లో రికార్డుల షాపు నడిపే స్కిప్ గ్రాఫ్. తనూ అప్పటికి కొన్ని రికార్డులు వేసి ఉన్నాడు. పాటలు రికార్డు చేసింది డాన్ జియెంటారా, తన ఇంట్లోనే నడుపుకునే చిన్న స్టూడియోలో. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి దాచకుండా చెప్పడం మీదే ఈ కథంతా నడిచింది.

కవరు సంగతి నాకు అన్నిటికన్నా ఇష్టం. అచ్చు వేయించి, మడిచి, అంటించి ఇవ్వాలంటే ప్రెస్సువాళ్ళు అడిగే డబ్బు వీళ్ళ దగ్గర లేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక రికార్డు కవరు తీసుకుని, అతుకులు ఊడదీసి, బల్లమీద పరిచారు. ఊడదీసి చూస్తే అందులో రహస్యమేమీ లేదు: ఒకే కాగితం, ముందువైపు ఒక చదరం, వెనకవైపు ఒక చదరం, అంచులకి జిగురు రాసే సన్నని రెక్కలు. దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసుకుని, ఆ గీతలో తమ బొమ్మ అమర్చి, కాగితాలు అచ్చేయించి తెచ్చారు. తర్వాత కత్తెర్లు, జిగురు. స్నేహితులంతా కూర్చుని కత్తిరించడం, మడవడం, అంటించడం. మొదటి వెయ్యికే కాదు, ఆ తర్వాతి రికార్డులకీ ఇలాగే చేశారు. వేల కవర్లు ఈ చేతుల మీదుగా వెళ్ళాయి. అంచులు కాస్త వంకరగా ఉన్న ఆ కాపీల కోసం ఇవాళ రికార్డులు సేకరించేవాళ్ళు వెతుకుతుంటారు.

మొదటి రికార్డు మీద వచ్చిన డబ్బుతో స్నేహితుల బ్యాండ్ల రికార్డులు వేశారు. ఇక్కడ అసలు కష్టం మొదలైంది. చిన్న లేబుల్‌ని ముంచేది రికార్డు అమ్ముడుపోకపోవడం ఒక్కటే కాదు, బాగా అమ్ముడుపోవడం కూడా. ఫ్యాక్టరీవాడు డబ్బు ముందు అడుగుతాడు. పంపిణీదారు సరుకు అరువు మీద పట్టుకెళ్ళి, రెండు మూడు నెలలకి గాని చెల్లించడు. ఈలోగా కాపీలు అయిపోతాయి, షాపులు ఇంకా కావాలంటాయి, మళ్ళీ వేయించడానికి చేతిలో పైసా ఉండదు. రొటేషన్ లేకపోతే గిరాకీ ఉన్నా వ్యాపారం ఆగిపోతుంది. డబ్బు కోసం మెకై ఐస్‌క్రీమ్ షాపులో పనిచేశాడు, పత్రికలు చేరవేసే ట్రక్కు నడిపాడు. 1983లో మెకై, నెల్సన్‌ల తర్వాతి బ్యాండు మైనర్ థ్రెట్ రికార్డు ‘అవుట్ ఆఫ్ స్టెప్’ కోసం జనం ఎగబడినప్పుడు ఈ ముడి బాగా బిగిసింది. లండన్‌లో సదరన్ స్టూడియోస్ నడిపే జాన్ లోడర్ రికార్డులు ఒత్తించే ఖర్చు తాను ముందు పెడతానని వచ్చాక గాని అది విడలేదు.

బ్యాండ్లతో కాంట్రాక్టు రాసుకోవడం అనే అలవాటు డిస్కార్డ్‌కి లేదు. ఖర్చులు పోగా మిగిలింది బ్యాండూ లేబులూ పంచుకోవడమే లెక్క. అనుభవజ్ఞులెవరైనా పక్కనుంటే మొదటి రోజే వద్దనేవారు. నాకైతే ఆ పద్ధతి వాళ్ళ ఇంకో నియమం వల్లే నిలిచిందనిపిస్తుంది: వేసేది వాషింగ్టన్ బ్యాండ్ల రికార్డులే. ఎదుటివాడు రోజూ కనిపించేవాడు, నిన్న మన కవర్లు అంటించినవాడు. డిస్కార్డ్‌లోనే రికార్డులు వేసిన మెకై బ్యాండు ఫుగాజీకి ప్రపంచమంతా పేరొచ్చాక, పెద్ద కంపెనీలు దాని కోసం తిరిగిన రోజుల్లో కూడా ఆ నియమం మారలేదు.

అందుకే 2002లో ఇరవయ్యేళ్ళ పాటలు ఒక పెట్టెగా కూర్చినప్పుడు, లేబుల్ రికార్డులు వేసిన యాభై బ్యాండ్లూ అందులోకి వచ్చాయి. కొన్ని ఏడాదైనా బతకనివి. అవీ మిగిలాయంటే మన క్యాసెట్ల కాలం గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. బస్టాండు షాపుల్లో వేలాడిన జానపద పాటలు, బుర్రకథలు, హరికథల టేపులు ఎన్నో! పాడినవాళ్ళ పేర్లయినా చాలావాటికి ఇవాళ దొరకవు. ఊరూరా పాటలు పాడి ఫోన్లలో పెడుతున్న పిల్లల్ని చూసినప్పుడల్లా, వాళ్ళ పక్కన ఒక జెఫ్ నెల్సన్ ఉండాలనిపిస్తుంది. ఎవరు పాడారో, ఎవరు వాయించారో రాసిపెట్టి, వాళ్ళ వాటా వాళ్ళకి ఇచ్చి, పాటని అమ్మకంలో ఉంచే స్నేహితుడు.