మంచె మీద చలి: నడిమి బట్ట ముచ్చట



మక్క కంకులు పాలు పోసుకుంటున్నయి. అంటే అడవిపందుల కాలం వచ్చినట్టే. మీలో చాలామంది ఇగ మంచె ఎక్కుతరు. ఎక్కేముందు ఈ ముచ్చట చదవండి. కొంచెం పొడుగే ఉంటది, కానీ ప్రాణానికి సంబంధించింది.

నిరుడు జనవరి మొదట్ల సంగతి. నాది రెండున్నర ఎకరాల మక్క. మా ఆదిలాబాద్ దిక్కు చలి ఎట్లుంటదో మీకు ఎరుకే. 5 డిగ్రీల కిందికి దిగిన రాత్రులు కూడ ఉన్నయి. నేను లోపల కాటన్ బనీను, మీద కాటన్ అంగి, ఆ మీద సంతల కొన్న మందపు జెర్కిన్ తొడిగిన. ఇంత మందంగ ఉన్నది, చలి ఏం చేస్తది అనుకున్న.

రాత్రి రెండింటికి పందులు పడ్డయి. మంచె దిగి, డబ్బా కొట్టుకుంట, అరుసుకుంట చేను చుట్టు అరగంట ఉరికిన. అవి వాగు దాటినయి. నేను చెమటతోని తడిసి మళ్ల మంచె ఎక్కి కూసున్న. కాసేపటికే వీపు మీద మంచుగడ్డ పెట్టినట్టయింది. పండ్లు టకటక కొట్టుకున్నయి. మంట పెడదామంటే అగ్గిపుల్ల చేతిల నిలవలే. కొడుకుకు ఫోన్ చేస్తే నా మాట వానికి సమజ్ కాలే. "బాపూ, తాగినవా?" అన్నడు. చుక్క ముట్టలే. చలికి నాలుక తిరగలే, అంతే. వాడు బండి మీద వచ్చి ఇంటికి తీసుకపోయిండు.

తెల్లారి నేను చేసిన పని చెప్పాలంటే సిగ్గయితది. ఈ కాపలా ఇగ నాతోని కాదు అని, తీగ చుట్ట కొనుక్కొచ్చిన. చేను చుట్టు కట్టి కరెంటు ఇస్తే ఇంట్ల పండుకోవచ్చు కదా. మా ఇంటామె ఆ చుట్ట చూసి గడప దాటనియ్యలే. "వచ్చింది పందో, పక్క చేనోళ్ల పిలగాడో ఆ తీగకు ఎరుకయితదా?" అన్నది. నాకు నోట మాట రాలే. రాత్రిపూట మోటరు పెట్టడానికి మన గట్ల మీదికెళ్లి ఎందరు నడుస్తలేరు? అట్లాంటి తీగలకు రైతులే తగిలి పోయిన వార్తలు మనం చదువుతనే ఉన్నం. తీగ పెట్టేటోళ్లల్ల చాలామంది నా లెక్క చలికి ఓడిపోయినోళ్లే అని నాకు అనిపిస్తది.

సంక్రాంతికి మా అక్క కొడుకు వచ్చిండు. ఆర్మీల చేస్తడు, లడఖ్‌ల ఉండి వచ్చినోడు. నా కథ విని, "మామా, నీ జెర్కిన్ మంచిదే. నీకు నడిమి బట్ట లేదు, లోపలిది తప్పు బట్ట" అన్నడు. వాడు చెప్పింది, తర్వాత నేను చేసి చూసింది కలిపి రాస్తున్న.

బట్ట మనకు వేడి పుట్టియ్యదు. వేడి మన ఒంటిదే. బట్టల ఇరుక్కున్న గాలి ఆ వేడిని పోనియ్యదు. ఆ పని చేసేది నడిమి బట్ట. పైన జెర్కిన్ గాలిని ఆపుతది, అంతవరకే. లోపల కాటన్ ఉంటే చెమట తాగి తడిగనే ఉంటది, ఒంటి వేడంత గుంజుకుంటది. అందుకే లోపల పిలగాండ్లు కబడ్డీకి వేసుకునే పాలిస్టర్ టీషర్టు వేసిన. అది జల్ది ఆరుతది.

నడుమ ఉన్ని స్వెట్టరు అన్నిటికన్న మేలు. కొంచెం తడిసినా వెచ్చగనే ఉంటది. కానీ బజార్ల అమ్మేటియి చాన వరకు ఆక్రిలిక్. కొన్నంక కుట్టు దగ్గర ఒక పోగు తీసి, దూరంగ పట్టుకొని ముట్టియ్యండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదయితే ఉన్ని. కరిగి గట్టి గుండు లెక్క అయితే ప్లాస్టిక్ దారం. ఫ్లీస్ కూడ పనికొస్తది. తేలికగ ఉంటది, చప్పుడు చెయ్యదు, జల్ది ఆరుతది. గాలి మాత్రం దూరుతది, మంట దగ్గర నిప్పురవ్వ పడితే తూటు పడ్తది.

మందపుది ఒకటి కాదు, పల్చటియి రెండు కొనండి. ఒకటి నిండు చేతులది, ఒకటి చేతులు లేనిది. బిర్రుగ ఉండొద్దు. బిర్రుగ ఉంటే గాలి నిలిచే జాగ ఉండదు. చేతులు పైకెత్తి చూడండి, నడుము బయటపడితే అది వద్దు.

ఇంకో మాట. గరగర చప్పుడు చేసే జెర్కిన్ వద్దు. చీకట్ల పంది వచ్చింది చెవులతోనే పట్టాలె. మన బట్టల చప్పుడే మనకు వినబడితే కంకి విరిగిన చప్పుడు ఏం వినబడ్తది?

అన్నిటికన్న ముఖ్యం ఇది: చేనుకు నడిచేటప్పుడు స్వెట్టరు సంచిల పెట్టుకొని పోండి. మంచె ఎక్కి, చెమట ఆరినంక తొడగండి. పందుల వెంట ఉరికేముందు జెర్కిన్ గుండీలు విప్పండి. ఇగ కూసున్నప్పుడు అన్నిటి మీద గొంగడి. మా బాపు కురుమోళ్ల దగ్గర నేయించుకున్న నల్లగొర్రె ఉన్ని గొంగడి అటక మీద ఏండ్ల సంది పడి ఉండె. చింతగింజల గంజి పెట్టిన నేత, గాలి దూరదు. నేను దాన్ని పాతది అని పక్కన పెట్టి జెర్కిన్‌కు పైసలు పెట్టిన. చలికి ఒక గ్లాసు ఏస్తే మంచిదనేటోళ్లకు కూడ చెప్తున్న, మందు తోలుకు వేడి తగిలిస్తది గని లోపలి వేడిని బయటికి పంపుతది. వద్దు.

ఆ తర్వాత పంట చేతికొచ్చేదాక మంచె మీదనే ఉన్న. పందులు మళ్ల వచ్చినయి, వాగు దిక్కు నాలుగు సాళ్లు పోయినయి. మిగిలింది దక్కింది. ఏ రాత్రి కూడ కొడుకును పిలిచే గతి రాలే.

ఆ తీగ చుట్ట ఏం చేసినవని అడుగుతరేమో. పెరట్ల బీరపాదుకు పందిరి కట్టిన. ఈ యేడు మంచిగ కాస్తున్నది.