అత్తయ్యగారి కుండ

మా పూతరేకుల కొట్టుకి వచ్చినవాళ్ళు "ఎన్నాళ్ళ నుంచండీ ఈ వ్యాపారం?" అని అడుగుతుంటారు. మావారు గోడమీద మావయ్యగారి ఫోటో చూపిస్తారు. నాకు మాత్రం వెనక వసారాలో పొయ్యిమీద బోర్లించిన కుండ గుర్తొస్తుంది.

నేను ఆత్రేయపురం కాపురానికొచ్చిన కొత్తలో అత్తయ్యగారు వేరేవాళ్ళ కొట్టుకి రేకులు తీసేవారు. వంద రేకులకి ఇంత అని కూలి. నానిన జయ బియ్యం మెత్తగా రుబ్బి, పల్చగా కలిపి, కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టేవారు. పిండిలో ముంచిన గుడ్డతో కుండమీద ఒక్క లాగు. మూడు అంకెలు లెక్కపెట్టేలోపు రేకు చేతిలోకి వచ్చేసేది. బియ్యే తెలుగు చదివినదాన్ని కదా, పూత పూస్తే వచ్చే రేకు కాబట్టి పూతరేకు అని ఆవిడకే చెప్పబోయాను. "సరేగానీ మంట తగ్గుతోందమ్మా, ఆకు తొయ్యి" అన్నారు.

నేనూ ప్రయత్నించాను. జల్లెడలా వచ్చింది. నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడవడం ఒక్కటే నాకు పట్టుబడింది.

చుట్టాలింట్లో పెళ్ళికని అత్తయ్యగారే రేకులు తీసి, ఇద్దరం మడిచి పంపాం. అవి తిన్నవాళ్ళు మళ్ళీ అడిగారు. మావయ్యగారు అట్టపెట్టెలు సైకిలుకి కట్టుకుని రావులపాలెం బస్టాండుకి వెళ్ళేవారు. వానాకాలం సగం పెట్టెలు మెత్తబడి తిరిగొచ్చేవి. అవే మా పిల్లలకి పండగ. తర్వాత కొట్టు, బెల్లం రకం, జీడిపప్పు రకం, శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చేవాళ్ళ బేరాలు, కొరియర్లు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చాక ఫోన్లు ఇంకా పెరిగాయి.

ఇప్పుడు మా ఇంట్లో రేకు తీసేవాళ్ళు లేరు. అత్తయ్యగారి చేతులు వణుకుతున్నాయి. పక్కవీధి ఆడవాళ్ళు తీసి పంపిస్తే ఆవిడ ఒక్కోటీ వెలుగుకి ఎత్తి చూస్తారు. జమాఖర్చు రాసేది నేను. మొన్న పాత పేజీలు తిరగేస్తే, పెట్టె ధర రెండుసార్లు పెంచాం, రేకుల కూలి ఒక్కసారీ పెంచలేదు. రాత్రి అన్నాల దగ్గర ఆ మాటెత్తాను.

"నెయ్యి ధర చూశావా?" అన్నారు మావారు. అదీ నిజమే, నెయ్యి లెక్క రాసేదీ నేనే.

అత్తయ్యగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "నేను పెంచమని అడిగినప్పుడూ నెయ్యి ధరే చెప్పేవారురా" అన్నారు. ఆవిడ కూలి రోజుల గురించి కొడుకు ముందు మాట్లాడటం నేను అదే వినడం. మావారు తలెత్తలేదు.

సోమవారం నుంచి కూలి పెంచారు, నేనడిగిన దాంట్లో సగం. మిగతా సగం సంక్రాంతికి చూద్దామన్నారు.

"పుస్తకంలో రాశావా?" అన్నారు అత్తయ్యగారు.

"రాశానండీ."

"సంక్రాంతి మాట కూడా రాయి."