ఇల్లు కొనేముందు ఒక ఇల్లు అమ్మి చూడండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అమ్మి చూడు అని మాత్రం ఎందుకో అనలేదు. వాళ్ళ రోజుల్లో ఇల్లు అమ్ముకోవటం అంటే చితికిపోయినవాళ్ళు చేసే పని కాబట్టి కాబోలు. ఇప్పుడలా కాదు కదా. మన సాఫ్ట్‌వేరు జనాలు కొనేటప్పుడే "అయిదేళ్ళలో డబుల్ అవుతుంది, అప్పుడు అమ్మేసి విల్లా తీసుకుంటాం" అని లెక్కలు వేస్తుంటారు. కానీ మా టీములో పదకొండు మంది ఇళ్ళు కొన్నవాళ్ళుంటే, అమ్మినవాడు ఒక్కడూ లేడు. అంటే ఆ డబుల్ అయిన డబ్బు కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడన్నమాట.

నాకు మాత్రం ఆ భాగ్యం కలిగింది. ఇల్లు నాది కాదు, మా బాబాయ్‌ది. నిజాంపేటలో 1150 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఫ్లాటు. 2012లో రిజిస్ట్రేషన్‌తో కలిపి 30 లక్షలకి కొన్నాడు. రిటైరయ్యాక తెనాలి వెళ్ళిపోయాడు, కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, ఇక హైదరాబాదులో తిరగగలిగేవాడిని నేనే. "ఒరేయ్, నువ్వే చూసి పెట్టరా, నీకు ఈ ఆన్‌లైన్ గోలంతా తెలుసు కదా" అన్నాడు. 2024 ఆగస్టులో మొదలుపెడితే 2025 మేలో రిజిస్ట్రేషన్ అయింది. తొమ్మిది నెలలు! సరిగ్గా అదే సమయంలో నేను నాకోసం తెల్లాపూర్, కొల్లూరు వైపు ఇల్లు వెతుకుతున్నాను. వారమంతా అమ్మేవాడిని, ఆదివారం కొనేవాడిని. ఆ తొమ్మిది నెలల్లో నేర్చుకున్నది ఏ బిల్డరు బ్రోషర్లోనూ ఉండదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొదటిది ధర సంగతి. వెబ్‌సైట్లలో మా వీధిలోని పాత ఫ్లాట్లకి 65 లక్షలు, 68 లక్షలు అని పెట్టారు. బాబాయ్ అది చూసి మురిసిపోయాడు. మేం 62 అని పెట్టాం. రెండు నెలలు బ్రోకర్లు తప్ప ఎవరూ ఫోన్ చెయ్యలేదు. తర్వాత అర్థమైంది ఏమిటంటే, ఆ 68 లక్షల ఫ్లాట్లు ఏడాదిగా అలాగే పడి ఉన్నాయి. వెబ్‌సైట్లో కనిపించేది అమ్మేవాడి ఆశ, ధర కాదు. అమ్ముడుపోయిన ఫ్లాటు వెంటనే జాబితాలోంచి మాయమైపోతుంది కాబట్టి, అసలు ధర మనకి ఎప్పటికీ కనపడదు. దాన్ని పట్టుకోవాలంటే ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తోనో అసోసియేషన్ సెక్రటరీతోనో మాట్లాడాలి. ఈ ఏడాది ఎన్ని అమ్ముడయ్యాయి, ఎంతకి, ఎన్ని నెలలు పట్టింది... ఈ మూడూ తెలిస్తే మార్కెట్ తెలిసినట్టే. నేను కొల్లూరు దగ్గర చూసిన ఒక టవర్లో బిల్డరు సేల్స్ ఆఫీసు చెప్పిన రేటుకీ, అదే టవర్లో మొదట్లో కొని ఇప్పుడు వదిలించుకోవాలనుకుంటున్న ఇన్వెస్టరు చెప్పిన రేటుకీ చదరపు అడుక్కి వెయ్యి రూపాయల పైనే తేడా ఉంది. కొత్తవాడు వెళ్తే బిల్డరు దగ్గరకే వెళ్తాడు, పాపం.

ఇంకో విషయం. హైదరాబాదులో ముంబైలో లాగా స్థలానికి ఇంత అని ఎఫ్.ఎస్.ఐ. పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే నలభై అంతస్తులైనా లేపొచ్చు. మీరు ఇవాళ కొన్న టవర్ పక్కన ఖాళీ స్థలం ఉందంటే, రేపు మీరు అమ్మేటప్పుడు అక్కడ కొత్త టవర్ వస్తుంది, మీ కొనుగోలుదారు దాన్ని కూడా చూస్తాడు. అందుకే పాత ఫ్లాటు కొనేవాళ్ళు మొదట అడిగేది యూడీఎస్, అంటే భూమిలో మన వాటా ఎన్ని గజాలు అని. బాబాయ్ ఫ్లాటుకి 42 గజాలుంది. ఆ మాట చెప్పగానే కొంతమంది గొంతు మారేది. టైల్స్, మాడ్యులర్ కిచెన్ పాతబడతాయి, గజాలు పాతబడవు. నేను చూస్తున్న హైరైజుల్లో 1700 చదరపు అడుగుల ఫ్లాటుకి కూడా ముప్పై గజాలు దాటటం లేదు. దాన్నిబట్టి హైరైజు కొనొద్దని కాదు, అక్కడ మనం కొంటున్నది ఎక్కువగా కట్టడాన్నీ క్లబ్‌హౌసునీ అని తెలిసి కొనాలి. ఆ క్లబ్‌హౌసుకి మెయింటెనెన్స్ ప్రతి నెలా మనమే కట్టాలి, ఈత వచ్చినా రాకపోయినా :)

మేం అమ్మకానికి పెట్టిన నెలలోనే మాదాపూర్‌లో తుమ్మిడికుంట చెరువు దగ్గర ఎన్ కన్వెన్షన్‌ని హైడ్రా కూల్చేసింది. ఆ మర్నాటి నుంచి ఫోన్ చేసిన ప్రతివాడూ "చెరువు ఎంత దూరం సార్?" అనే అడిగాడు. విసుగొచ్చినా, నిజానికి అది అడగాల్సిన ప్రశ్నే. నిజాంపేట, బాచుపల్లి, అమీన్‌పూర్ వైపు ఏ వీధి చివర చూసినా ఒక చెరువో కుంటో ఉంటుంది, లేదా ఒకప్పుడు ఉండేది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దుని ఎఫ్.టి.ఎల్. అంటారు, దాని చుట్టూ బఫర్ జోను. హెచ్.ఎం.డి.ఎ. వెబ్‌సైట్లో చెరువుల మ్యాపులున్నాయి. నేను ఆ మ్యాపు ప్రింటు తీసి బాబాయ్ ఫైల్లో ముందే పెట్టాను. నా కోసం వెతికేటప్పుడు కూడా సైట్‌కి వెళ్ళేముందు మ్యాపు చూస్తున్నాను, దానివల్ల రెండు ఆదివారాలు కలిసొచ్చాయి.

ఇక కాగితాలు. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే అసలు బేరాలు చెడేది ఇక్కడే. డిసెంబరులో ఒకాయన 58 లక్షలకి ఒప్పుకుని లక్ష రూపాయలు అడ్వాన్సు కూడా ఇచ్చాడు. ఆయన బ్యాంకు తరఫు వాల్యుయర్ వచ్చి 52 లక్షలని రాశాడు. బ్యాంకు లోను మనం అనుకున్న ధర మీద ఇవ్వదు, తన వాల్యుయర్ రాసిన దాని మీద ఇస్తుంది. ఆపైన లాయరు రెండు కొర్రీలు పెట్టాడు. ఒకటి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఏదీ అని, రెండోది డాబా మీద ప్లానులో లేని పెంట్‌హౌస్ ఏమిటని. ఆ పెంట్‌హౌస్‌కీ బాబాయ్‌కీ ఏ సంబంధం లేదు, ఎవరో తర్వాత వేసుకున్నారు. అయినా లోను రాలేదు, బేరం పోయింది, అడ్వాన్సు తిరిగిచ్చేశాం. ఓసీ కాపీ చివరికి అసోసియేషన్ మాజీ సెక్రటరీగారి బీరువాలో దొరికింది, అది వెతకటానికే మూడు వారాలు.

దీన్ని తిరగేసి చూడండి. మీరు కొంటున్న ఇంటికి ఈ కాగితాలు ఇప్పుడు లేకపోతే, అమ్మేరోజున ఆ బీరువా వెతుక్కోవాల్సింది మీరే. లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ళ ఈసీ, మంజూరైన ప్లాను, ఓసీ, ఆస్తిపన్ను రసీదు ఎవరి పేరున ఉందో... ఇవన్నీ టోకెన్ ఇవ్వకముందే అడగండి. "టోకెన్ ఇవ్వండి సార్, చూపిస్తాం" అంటే టీ తాగి వచ్చెయ్యటమే. మీకు లోను అవసరం లేకపోయినా బ్యాంకుకి దరఖాస్తు పెట్టటం మంచిదని నా అభిప్రాయం. మనకి ఇల్లు నచ్చి కళ్ళు మూసుకుపోయి ఉంటాయి, బ్యాంకు లాయరుకి ఆ ఇల్లు నచ్చాల్సిన అవసరం లేదు.

చివరికి 54 లక్షలకి అమ్మాం. మధ్యలో ఒక పెద్దమనిషి 57 ఇస్తాను గానీ రిజిస్ట్రేషన్ 40కే చేయించండి, మిగతాది క్యాష్ అన్నాడు. బాబాయ్ జీవితమంతా గవర్నమెంటు ఉద్యోగం చేసినవాడు, ఫోన్ పెట్టేశాడు. నీతి సంగతి పక్కన పెట్టినా అది తెలివితక్కువ బేరం. ఆస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడొచ్చు. కొనేవాడికి లోను తగ్గుతుంది, రేపు అతను అమ్మినప్పుడు కొన్న ధర 40 అనే లెక్కేసి పన్ను కట్టాలి.

పన్ను అంటే గుర్తొచ్చింది. 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి, మాకు 54 వేలు అలా కోశారు. ఇక లాభం మీద పన్ను. 2024 జూలై 23 నుంచి రూలు మారింది కదా, ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతం. ఆ తేదీకి ముందు కొన్న ఇంటికి మాత్రం, ఇక్కడ నివసించే వ్యక్తులకి, పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క కూడా వేసి ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. కొత్త పద్ధతిలో 24 లక్షల లాభం మీద 3 లక్షలు, పైన సెస్సు. పాత పద్ధతిలో 2012-13 సూచీ 200, 2025-26 సూచీ 376. 30 లక్షలు కాస్తా 56 లక్షల 40 వేలు అవుతుంది. అమ్మింది 54కి. అంటే లాభమే లేదు, పన్ను సున్నా. బాబాయ్ తెగ సంతోషపడ్డాడు.

నేను మాత్రం ఆ కాగితం వంక చాలాసేపు చూశాను. పన్ను సున్నా అంటే అర్థం ఏమిటి? పదమూడేళ్ళలో ఆ ఇల్లు ధరల పెరుగుదలతో సమానంగా కూడా పెరగలేదని ఆదాయపు పన్ను సూచీయే చెప్తోంది! అద్దె మిగిలింది, ఉండటానికి ఇల్లయింది, అది నిజమే. కానీ "హైదరాబాదులో ఇల్లు కొంటే నష్టం ఉండదు" అని మన వాళ్ళు కొట్టే డప్పుకీ ఈ లెక్కకీ చాలా దూరం. (ఆ ఫ్లాటు డల్లాస్ తమ్ముడి పేరున ఉండి ఉంటే ఈ పాత పద్ధతి వర్తించేది కాదు. పైగా ప్రవాసులు అమ్మితే కొనేవాడు కోయాల్సిన టీడీఎస్ ఒక శాతం కాదు, చాలా ఎక్కువ. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇది అమ్మకానికి ముందే ఒక చార్టర్డ్ ఎకౌంటెంట్‌తో మాట్లాడుకోవాలి.)

ఇప్పుడు నా గోల. నేను చూసిన ఫ్లాటు కోటీ ముప్పై లక్షలు, ఇంకా కడుతున్నారు. 75 లక్షలు దాటిన లోనుకి ఇంటి విలువలో 75 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన, కాబట్టి 32 లక్షల 50 వేలు చేతినుంచి పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం, అంటే 9 లక్షల 75 వేలు. కడుతున్న ఇల్లు కాబట్టి జీఎస్టీ 5 శాతం, 6 లక్షల 50 వేలు. ఓసీ వచ్చాక కొంటే ఈ జీఎస్టీ ఉండదు. ఇంకా ఫ్లోర్ రైజ్, కార్పస్ ఫండ్, ఇంటీరియర్స్ జోలికి వెళ్ళకుండానే దాదాపు 49 లక్షలు. ఏడేళ్ళ ఉద్యోగంలో నేను దాచింది 25. మిగతాది తెనాలి దగ్గర మాకున్న ఎకరం నలభై సెంట్లు.

అమ్మేద్దాం అని నాన్న వెంటనే అన్నారు. సంబంధాలవాళ్ళు "అబ్బాయికి హైదరాబాదులో ఇల్లుందా?" అని అడుగుతున్నారు మరి. కానీ ఆయన వయసు 61, పెన్షన్ లేదు, ఆ పొలం మీద వచ్చే కౌలే వాళ్ళిద్దరి మందుల ఖర్చు. నా ఉద్యోగం సంగతి చూస్తే, 2025 జూలైలో టీసీఎస్ లాంటి సంస్థే దాదాపు పన్నెండు వేలమందిని తగ్గిస్తున్నామని ప్రకటించింది. నా ఉద్యోగం పోతే ఈఎంఐ ఆగదు, అమ్ముదామంటే తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలల్లో పొలం కూడా ఉండదు.

వడ్డీ సంగతి కూడా ఉంది. మా కొలీగ్ ఒకతను 2021 చివర్లో 6.75 శాతానికి 50 లక్షలు ఇరవయ్యేళ్ళకి తీసుకున్నాడు, ఈఎంఐ 38 వేలు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు రెండున్నర శాతం పెరిగి అతని వడ్డీ 9.25 అయింది. అప్పటికి 48 లక్షల చిల్లర బాకీ, దాని మీద నెల వడ్డీయే 37 వేలు. అంటే 38 వేలు కడితే అసలులోకి వెళ్ళేది వెయ్యి రూపాయలు. బ్యాంకు చడీచప్పుడు లేకుండా గడువు పెంచేసింది. 2025లో రెపో మళ్ళీ తగ్గిందని ఇప్పుడందరూ హుషారుగా ఉన్నారు. తగ్గింది పెరగదని ఎవరూ రాసివ్వరు. అందుకే లోను తీసుకునేముందు రెండున్నర శాతం ఎక్కువ వడ్డీతో ఈఎంఐ లెక్కేసి, అదీ కట్టగలననుకుంటేనే సంతకం పెట్టాలని నేను పెట్టుకున్న లెక్క.

తక్కువ వస్తుందని ప్రీలాంచ్ జోలికి మాత్రం పోకండి. రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటించటం, బుకింగ్ తీసుకోవటం రెండూ చట్టానికి విరుద్ధం. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. "మొత్తం ఒకేసారి కట్టండి, సగం ధరకే ఇస్తాం" అంటున్నాడంటే అతనికి బ్యాంకు కూడా అప్పివ్వలేదన్నమాట.

నాన్నకి ఈ లెక్కలన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి చూపించాను. ఆయన ఒక్కటే అడిగారు, "ఆ 54 లక్షలకి కొన్నవాడు ఏం చేస్తాడ్రా?" అని. మెట్రోకి దగ్గరని కొన్నాడు నాన్నా, తనే ఉంటాడట, అన్నాను. కాసేపు ఆగి, అలాంటిదే మనమూ చూడు, పొలం జోలికి పోకుండా సరిపోయేది, అన్నారు.

ప్రస్తుతం 70 లక్షల లోపు, ఓసీ ఉన్న, ఆరేడేళ్ళ పాత ఫ్లాట్లు చూస్తున్నాను. సంబంధాలవాళ్ళకి గేటెడ్ కమ్యూనిటీ కాదంటే మొహం కాస్త మారుతోంది, మారనివ్వండి. మియాపూర్‌లో ఒకటి నచ్చింది, 38 గజాల వాటా, గాలీ వెలుతురూ బాగున్నాయి. యజమాని 74 అంటున్నాడు, అదే బ్లాకులో మొన్న జనవరిలో 66కి పోయిందని వాచ్‌మన్ చెప్పాడు. లింకు డాక్యుమెంట్లు ఇచ్చాడు గానీ ఓసీ పంపిస్తానని పది రోజులైంది. శనివారం మళ్ళీ ఫోన్ చెయ్యాలి.