గగనయానం - గుండెలోని భయం

మానవుడు పక్షివలె ఆకాశంలో సంచరించాలని అనాదిగా కలలు కన్నాడు. రామాయణంలోని పుష్పక విమానమూ, గాలి వశమైన సులైమాన్ నబీ వృత్తాంతమూ మా వీధి పిల్లలమందరమూ ఒకే అరుగుపై కూర్చుండి విన్న కథలే. కాని కథలో ఎగరడం వేరు, టిక్కెట్టు కొని ఎగరడం వేరు. ధైర్యసాహసాలను గురించి తరగతి గదిలో గంటల తరబడి ఉపన్యసించిన నేను, విమానం మాట ఎత్తితే అరచేతులు చెమర్చేవాణ్ణి.

ఈ భయానికి పుట్టినతేదీ ఉన్నది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ సమీపంలో ఆకాశమార్గాన రెండు విమానాలు ఢీకొన్నాయి. ఒకటి ఢిల్లీ నుండి సౌదీ అరేబియాకు బయలుదేరినది. మరొకటి కజకిస్తాన్ నుండి వస్తున్నది. 349 మందిలో ఒక్కరూ మిగలలేదు. పొట్ట చేతబట్టుకొని ఎడారి దేశాలకు వెళ్ళేవారు వారిలో అనేకులు. అటువంటివారు మా వీధిలోనూ ఇంటికొకరు ఉండేవారు. అప్పటికి విద్యార్థిగా ఉన్న నేను పత్రికలోని ఛాయాచిత్రాలను చూచి, ఈ జన్మలో విమానం ఎక్కరాదని నిశ్చయించుకొన్నాను.

మా దాదా బొంబాయి నుండి ఓడలో హజ్‌కు వెళ్ళివచ్చినవారు. 1995తో ఆ ఓడ ప్రయాణాలు నిలిచిపోయాయి. ఇక మావంటివారికి మిగిలినది ఆకాశమార్గమే.

2017లో ఒకనాటి రాత్రి భోజనాల వేళ అమ్మీ, "బేటా, కాళ్ళలో సత్తువ ఉండగానే నన్ను ఉమ్రాకు తీసుకొని వెళ్ళు" అని అడిగింది. అప్పుడామెకు 62 ఏళ్ళు. ఆమె ఏనాడూ నన్ను ఏదీ కోరినది కాదు. నేను "తప్పక" అన్నాను. ఆ ఏడు జవాబు పత్రాలు దిద్దే పని అడ్డు వచ్చిందన్నాను. మరుసటి ఏడు ఇంటి మరమ్మతు. ఆ మీదట కుమార్తె కళాశాల ప్రవేశం. 2020లో మహమ్మారి వచ్చి ప్రయాణాలన్నీ ఆగిపోయినప్పుడు లోకమంతా దుఃఖిస్తుంటే, నాకు లోలోపల ఊరట కలిగిందని చెప్పుకొనుటకు సిగ్గుపడుతున్నాను. నా భయం ఎన్నడూ భయం అన్న పేరుతో బయటికి రాలేదు. ప్రతిసారీ బాధ్యత అన్న ముసుగు వేసుకొని వచ్చింది.

2023 చివరిలో ఒకనాడు అమ్మీ వజూ చేసి లేవబోయి, మోకాళ్ళు సహకరించక గోడ పట్టుకొని చాలాసేపు అలాగే నిలబడిపోయింది. నన్ను పిలువలేదు. నేనే చూచాను. ఆ వారమే జనవరి నెలకు టిక్కెట్లు కొన్నాను. కొన్న రోజునుండి నిద్ర లేదు. నిద్ర పట్టని రాత్రులలో విమానాలను గురించి చదవడం మొదలుపెట్టాను.

అలా చదివినకొద్దీ ఒక విషయం స్పష్టమైంది. 1954లో కామెట్ అనే జెట్ విమానాలు రెండు ఆకాశంలోనే ముక్కలయ్యాయి. శకలాలను సముద్రగర్భం నుండి తీసి, మరొక విమానాన్ని నీటితొట్టిలో ఉంచి పరీక్షించి, పైకప్పులోనూ కిటికీల మూలలలోనూ లోహం అలసి చీలుతున్నదని కనుగొన్నారు. నేటి విమానాల కిటికీల మూలలు గుండ్రంగా ఉండుటకు వెనుక ఆ పాఠమున్నది. 1977లో టెనెరిఫె ద్వీపంలో పొగమంచు నడుమ రన్‌వేపై రెండు విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. ఆ తరువాతనే నియంత్రణాధికారులూ పైలట్లూ వాడే మాటలను అపార్థానికి తావులేకుండా దిద్దారు. నన్ను భయపెట్టిన చర్ఖీ దాద్రీ దుర్ఘటన పిమ్మట, ఎదురుగా వచ్చే విమానాన్ని పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే యంత్రాన్ని మన దేశం తప్పనిసరి చేసింది. గాలి కుదుపులకు రెక్క విరిగిపోతుందని నేను వణికేవాణ్ణి. కాని దాని ఆయుష్కాలంలో ఎదురుకాగల అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్లు మోపినా అది తట్టుకోవాలన్నది నిబంధన. కుదుపులలో గాయపడేవారు సాధారణంగా నడుముకు బెల్టు పెట్టుకొననివారే.

ఒక అమెరికన్ విద్యాసంస్థ లెక్క ప్రకారం 1968-77 మధ్య విమానం ఎక్కిన ప్రతి మూడున్నర లక్షల మందికి ఒకరు మరణించగా, 2018-22 మధ్య కోటీ ముప్పై ఏడు లక్షల మందికి ఒకరు. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది అసువులు బాశారు. అయినా నేను నిత్యమూ బస్సులో నిశ్చింతగా కునుకుతూ కళాశాలకు వస్తున్నాను!

మా ప్రయాణానికి కొద్దిరోజుల ముందు, 2024 జనవరి 2న, టోక్యోలోని హనెడా విమానాశ్రయంలో దిగుతున్న పెద్ద విమానం రన్‌వేపై ఉన్న తీర రక్షక దళపు చిన్న విమానాన్ని ఢీకొన్నది. మంటలను టెలివిజన్‌లో చూచిన బంధువులు "ప్రయాణం మానుకోరాదా?" అన్నారు. చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు. కాని మండుతున్న పెద్ద విమానం నుండి 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. తమ సామాను వదలి, సిబ్బంది ఆజ్ఞను పాటించి దిగారు. సగం ద్వారాలు మూసుకుపోయినా 90 సెకన్లలో అందరూ బయటపడగలరని నిరూపించనిదే అటువంటి విమానానికి అనుమతి లేదట.

ఒంటెను కట్టివేసిన తరువాతనే దైవంపై భారం వేయాలన్న ప్రవక్త ఉపదేశం నాకు చిన్ననాటినుండీ తెలుసు. ఎందరో అజ్ఞాత ఇంజనీర్లు, కార్మికులు ఈ ఒంటెను ఎంత గట్టిగా కట్టారో తెలిసినది మాత్రం అప్పుడే.

శంషాబాదులో ఇహ్రాం వస్త్రాలు ధరించి విమానం ఎక్కాను. అరేబియా సముద్రంపై కుదుపులు వచ్చినప్పుడు కళ్ళు గట్టిగా మూసుకొన్నాను. అమ్మీ నా చేయి పట్టుకొని, "నీకు భయమని నాకు ఎప్పటినుండో తెలుసు బేటా" అన్నది. ఇన్నేళ్ళూ తెలిసి కూడా మళ్ళీ అడగని ఆమె ఓర్పు ముందు నా చదువంతా చిన్నబోయింది.

మక్కాలో సఫా మర్వాల నడుమ ఏడు మార్లు ఆమెను చక్రాల కుర్చీలో కూర్చుండబెట్టి తోశాను. ఆమె ముఖం వెలిగిపోతున్నది. ప్రక్కన ఆమె ఈడు స్త్రీలు తమ కాళ్ళపై నడుస్తున్నారు. 2018లో వచ్చి ఉంటే అమ్మీ కూడా నడిచేది. నా భయానికి మూల్యం చెల్లించినది నేను కాదు.

2025 జూన్ 12న అహమ్మదాబాదులో విమానం కూలి, అందులోని 242 మందిలో ఒక్కరే బ్రతికి బయటపడ్డారు. నేలపైనా 19 మంది బలియైనారు. మరునాడు తరగతిలో ఒక విద్యార్థిని, "సార్, ఇక మీరు విమానం ఎక్కుతారా?" అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదన్న నిజమే చెప్పాను. అయినా ఎక్కుతానన్నాను.

విద్యార్థులారా! భయం కలగడం దోషం కాదు. నాకు నేటికీ కలుగుతూనే ఉన్నది. దానిని భయమని ఒప్పుకొనక, వేరొక పేరు పెట్టి మన ఆప్తులను వేచియుండునట్లు చేయడమే దోషం. మీ ఇంటిలో ఎవరైనా మిమ్ములను ఒక్క కోరిక కోరి ఉంటే, వారి కాళ్ళలో సత్తువ ఉండగానే బయలుదేరండి.