తరగతిలో అవధానము

అవధానమనగా మనస్సును ఒక విషయమునందు నిలుపుట. తెలుగువారు ఆ మాటనే ఒక సాహిత్యక్రీడకు పేరుగా పెట్టిరి. అష్టావధానమున కవి చుట్టును ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు దత్తపది నిత్తురు. ఒకరు ఈ అక్షరము వాడరాదని అడుగడుగున నిషేధింతురు. అవధాని సాధారణముగా ఒకరి పద్యమును ఒకేసారి ముగింపడు. ఒక పాదము చెప్పి తరువాతివారి వైపునకు తిరుగును. ఇట్లు నాలుగు ఆవృత్తములు ముగిసిన పిమ్మట అన్ని పద్యములను కాగితము చూడకుండ అప్పగించును. నడుమ అప్రస్తుత ప్రసంగి వంకాయకూర సంగతియో, వియ్యాలవారి అలకయో తెచ్చి అడ్డుపడుచుండును. ఇంకొకరు తమకు తోచినప్పుడెల్ల గంట కొట్టుచుందురు. అవి ఎన్ని మ్రోగెనో చివర చెప్పవలెను. తిరుపతి వేంకటకవులును, నరసరావుపేట ప్రాంతమునందలి కొప్పరపు సోదరకవులును శతావధానములు గూడ చేసి కీర్తి గాంచిరి.

ఇందు పద్యములకంటె గంటల లెక్కయే విద్యార్థులకు ఎక్కువ పనికివచ్చునది. గంట మ్రోతలో రసము లేదు, అర్థమును లేదు. అయినను అవధాని దానిని విడువడు. అది తనంతట వచ్చి మనస్సునకు పట్టుననియు కూర్చుండడు. తానే చెవి యొగ్గి పట్టుకొనును.

తెనాలికిని గుంటూరునకును నడుమ, రైలుమార్గముపై సంగం జాగర్లమూడి యను గ్రామము కలదు. ఆ ఊరి బాలుడొకడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. రైలు కూత వినబడినచో అది తెనాలి పోవునదో గుంటూరు పోవునదో తల యెత్తకయే చెప్పగలడు. ఉపాధ్యాయుడు అప్పుడే పలికిన వాక్యమేదని యడిగినచో మాత్రము దిక్కులు చూచును. వీనికి అవధానశక్తి లేదనుట తగదు. ఉన్నది, అది రైలు వెంట పోయినది.

పైగా వాడు తెల్లవారుజామున లేచి, గేదెలకు మేత వేసి, పాలు కేంద్రమునకు పోసివచ్చి బడికి పోవును. రాత్రి చరవాణి చూచుచు ప్రొద్దుపుచ్చును. ఆ వయస్సు వారికి దినమునకు ఎనిమిది గంటలకు తక్కువ కాకుండ నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు. మధ్యాహ్నవేళ కొంత మగత కలుగుట దేహధర్మము. భోజనము చేయకున్నను అది కలుగును. నిద్ర చాలనివానికి ఏకాగ్రతను గూర్చి బోధించి ప్రయోజనము లేదు. ముందు వానిని పండుకొననీయవలెను.

నిద్ర చాలినవానికి గూడ మనస్సు జారును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు సైనికులు రాడారు తెరల యెదుట గంటల తరబడి కూర్చుండి, శత్రువుల జాడ కనిపెట్టవలసి వచ్చెను. నార్మన్ మాక్‌వర్త్ అను శాస్త్రజ్ఞుడు వారి కష్టమును పరీక్షించుటకు గడియారము వంటి యొక పలకను చేయించెను. దాని ముల్లు సెకనుకొక అడుగు కదలును. ఎప్పుడో యొకప్పుడు రెండడుగులు ఒక్కసారి దాటును. అది చూచినవాడు వెంటనే మీట నొక్కవలెను. రెండు గంటల ఈ పరీక్షలో మొదటి అరగంట గడచుసరికే తప్పులు పెరిగెను. 1948లో ఆయన ఈ ఫలితములను ప్రకటించెను. ప్రాణముల మీదికి వచ్చు పనియందు ఆరితేరినవారికే చూపు సడలినప్పుడు, నలువది నిమిషముల పాఠమున బాలుని మనస్సు జారుట వింత కాదు. జారినదని గుర్తించి మరల తెచ్చుకొనుటయే వాని పని. ఒక్క గంటలో పదిసార్లు తెచ్చుకొనవలసి వచ్చినను సిగ్గుపడ నక్కరలేదు.

ఎట్లు తెచ్చుకొనవలెను? నిటారుగా కూర్చుండుమనుట సులభమే. కాని చేతిలో పని లేని మనస్సు నిటారుగా నున్న దేహమునుండి గూడ పారిపోవును. ఆ బాలుడు ఒకనాడు సాంఘికశాస్త్రపు గంటలో కృష్ణ ఆనకట్టను గూర్చిన పాఠము వినుచుండెను. విజయవాడ వద్ద 1852లో ఆరంభించి 1855లో ముగించిరనియు, దానికి బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వాడుకలోనికి వచ్చెననియు ఉపాధ్యాయుడు పుస్తకము చూచి చదివెను. బాలుడు నోటుపుస్తకపు అంచున ఇట్లు వ్రాసికొనెను: ఆ నీరు మా ఊరి కాలువకు ఏ దారిని వచ్చును? అంతటినుండి వాని చెవి ఊళ్ల పేర్లకై వెదకసాగెను. సీతానగరము వినబడెను, దుగ్గిరాల వినబడెను, తన ఊరు వినబడలేదు. చేయి యెత్తి అడిగెను. ఉపాధ్యాయుడు పుస్తకము మూసి, సుద్దముక్క తీసికొని నల్లబల్లపై కాలువను గీయ నారంభించెను. వెనుక బల్లలవారును తలలెత్తిరి. (ఒకే స్వరమున చదువుకొనిపోవుట ఉపాధ్యాయుని లోపమే. అయినను పరీక్ష వ్రాయవలసినవాడు విద్యార్థియే కదా!)

ప్రతి పాఠమునందును ఇట్టి కాలువ దొరకదు. లెక్కల గంట విసుగని చెప్పువారిలో పెక్కురకు అది నిజముగా విసుగు కాదు. మూడవ వంతును నాలుగవ వంతును కూడునప్పుడు హారములను ఏల సమము చేయవలెనో ఆరవ తరగతిలో తెలియలేదు. అది అచ్చటనే ఉండిపోయినది. ఎనిమిదవ తరగతిలో బీజగణితము వచ్చునప్పటికి నల్లబల్లపై నున్నదంతయు పరాయి భాషవలె తోచును. తెలియని భాషలో ఎవరు మాటలాడినను నిద్ర వచ్చును. విసుగు పుట్టగానే, పాఠము ఏ వాక్యము వరకు తెలిసినదో వెనుకకు పోయి చూడవలెను. దొరికినచోట పెన్సిలుతో ఒక గీత గీయవలెను. తరగతిలో అడుగుటకు జంకు కలిగినచో, గంట మ్రోగిన పిమ్మట పుస్తకము చేతబట్టుకొని ఉపాధ్యాయుల గది వాకిట నిలిచి, ఒక్క మాట యన్నను చాలును: “మాస్టారూ, ఈ గీత వరకు తెలిసిందండీ. ఇక్కడినుంచి తెలియలేదు.”