రెండో కార్డు

షవ్వాల్ నెల వచ్చిందంటే మా వైపు షాదీల మౌసమ్. రంజాన్ అంతా ఆగిన దావత్‌లన్నీ ఒక్కసారే మొదలవుతాయి. ఈద్ అయిన మూడో రోజు జగ్గయ్యపేట నుంచి మా భాంజీ ఫోన్ చేసింది.

"మామూ, కెమెరా కొనాలి. పైసలు అడగడం లేదు. ఏది కొనాలో చెప్పు చాలు."

భాంజీ మెహందీ పెడుతుంది. డిగ్రీ చదువుతూనే జగ్గయ్యపేట, నందిగామ, ఇటు కోదాడ దాకా వెళ్లి దుల్హన్‌లకు చేతులు నింపి వస్తుంది. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఒకే ఫిర్యాదు విన్నదట. "మర్దానా వైపు ఇద్దరు ఫోటోగ్రాఫర్లున్నారు, జనానా వైపు తీసేవాళ్లెవరమ్మా? పరాయి మగవాడిని లోపలికి రానివ్వలేం, రానివ్వకపోతే దుల్హన్‌కు ఒక్క మంచి ఫోటో ఉండదు." అప్పుడే దానికి ఈ ఖయాల్ వచ్చింది. మెహందీ డబ్బులు 25 వేలు తను కూడబెట్టుకుంది. మా ఆపా చీటీ పాడి 60 వేలు ఇచ్చింది. మొత్తం 85 వేలు. అందులోనే బాడీ, లెన్సు, ఫ్లాష్, కార్డులు, అన్నీ.

పత్రికలో పనిచేస్తాను కదా, నాకు కెమెరాల గురించి అన్నీ తెలుసని ఖాందాన్‌లో ఓ గలత్ ఫహమీ ఉంది. నాకు తెలిసిందల్లా వార్తకు సరిపడే ఫోటో తీయడం. జిల్లా విడిపోయి మా వైపు ఎన్టీఆర్ జిల్లా అయినా మేం ఇంకా కృష్ణా జిల్లా అనే అంటున్నట్టే, నా బీరువాలో పాత నికాన్ డి90 ఒకటి ఇంకా నా కెమెరాగానే ఉంది. 2008 నాటి మోడల్. అయినా అడిగింది భాంజీ. అడగడం వెనక ఆపా ఉంది. ఆపా ఉంది కాబట్టి నేను కాదనలేను. ఎందుకో తర్వాత చెప్తాను.

దోస్తులను అడిగితే తలో మాట. ప్రెస్ క్లబ్ మిత్రుడు కొత్త కానన్ 1500డి కొనమన్నాడు. కొత్త డబ్బా, వారంటీ, లెన్సు కూడా అందులోనే. కానీ దానికి ఫోకస్ పాయింట్లు తొమ్మిదే. సెహ్రా కట్టుకున్న దుల్హా మొహం తీసి చూడండి, కెమెరా పూలను పట్టుకుంటుంది, వెనకున్న కళ్లను వదిలేస్తుంది. ఏ కంటి మీద ఫోకస్ కావాలో మనమే పాయింటు జరిపి చెప్పగలగాలి. దానికి పాయింట్లు ఎక్కువ కావాలి, చీకట్లోనూ పట్టగలగాలి. పైగా దాంతో వచ్చే లెన్సు జూమ్ చేస్తే ఎఫ్/5.6కు మూసుకుంటుంది. అదే ఎఫ్/1.8 లెన్సయితే దాదాపు పది రెట్లు వెలుగు లోపలికొస్తుంది.

నందిగామ స్టూడియో కుర్రాడు సోనీ ఏ7 త్రీ అన్నాడు. 2018లో వచ్చినప్పటినుంచి షాదీలు తీసే సగంమంది చేతుల్లో అదే. కంటిని తనే వెతుక్కుని పట్టుకుంటుంది, చప్పుడు లేకుండా తీస్తుంది. కానీ మాకు పాత బాడీ ఒక్కటే లక్ష దాటి చెప్పారు. లెన్సు కొనాలంటే ఆపా ఇంకో చీటీ పాడాలి. చప్పుడు లేని షట్టర్‌కూ ఓ చిక్కుంది. హాల్లోని ఎల్‌ఈడీ దీపాల కింద ఫోటో మీద అడ్డంగా నీడ చారలు పడే ప్రమాదం ఉంది. "ఎప్పుడైనా అవసరమైతే రోజు కిరాయికి తెచ్చుకుందాం మామూ" అని భాంజీ దాన్ని పక్కన పెట్టేసింది.

అప్పుడు నేను దాన్ని ఓ ప్రశ్న అడిగాను. "నువ్వు తీయబోయేది ఎక్కడ?"

జనానా ఎలా ఉంటుందో మీకు తెలుసు. స్టేజీ, ఫోకస్ లైట్లు, పూల తోరణం అంతా మర్దానా వైపు. ఆడవాళ్లకు హాల్లో ఓ మూల పర్దా కట్టి నాలుగు ట్యూబులైట్లు వదిలేస్తారు. ఫ్లాష్ కొడదామంటే పైన షామియానా ఎర్రగుడ్డ. దానికి కొట్టిన వెలుగు కిందికి ఎర్రగానే దిగి దుల్హన్ మొహం గులాబ్ జామూన్ రంగుకొస్తుంది. నేరుగా మొహం మీద కొడితే జరీ అంతా తెల్లబోతుంది, ముసలి నానీలు కళ్లు మూసుకుంటారు. కాబట్టి కెమెరా తక్కువ వెలుతురులో తనంతట తాను నిలబడాలి. అంటే సెన్సర్ పెద్దది కావాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. మామూలు కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ కంటే వైశాల్యంలో రెట్టింపు పైనే. అదే హాల్లో, అదే ఎపర్చర్‌తో, దాదాపు ఒక స్టాపు లాభం. 24 మెగాపిక్సెళ్లు ఆల్బంకు ధారాళంగా చాలు, అంతకుమించి పైసలు పెట్టనక్కర్లేదు.

85 వేలలో ఫుల్ ఫ్రేమ్ అంటే పాతదే. కానన్ 6డి చవకగా దొరుకుతోంది. 2012 మోడలైనా మధ్య పాయింటు చీకట్లో బాగా పడుతుంది. నేను దాదాపు దాన్నే ఖాయం చేసి ఆపాకు ఫోన్లో చెప్పాను. ఆపా ఒక్కటే అడిగింది.

"కార్డులు ఎన్ని పడతాయి రే దాంట్లో?"

"ఒకటి."

"నక్కో. రెండు పట్టేదే చూడు."

ఇప్పుడు ఆ సంగతి చెప్పాలి.

1999లో ఆపా నికాహ్. నేను బీఏ తెలుగు చదువుతున్నాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత తెలుగు సాహిత్యం. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడికి తనమీద తనకు కొంచెం ఎక్కువ నమ్మకం ఉంటుంది. ఫోటోగ్రాఫర్‌కు ఇచ్చే పైసలు దండగ అని అబ్బాను ఒప్పించి, దోస్తు దగ్గర పెంటాక్స్ కె1000 అరువు తెచ్చాను. ఖాజీ సాబ్ ఖుత్బా, ఈజాబ్-ఖబూల్, ఖజూర్ పంచడం, అన్నీ తీశాను. రుఖ్సతీ వేళ అబ్బా ఆపా తల మీద చెయ్యి పెట్టి, ఏదో అనబోయి అనలేక, అలాగే నిలబడిపోయాడు. అదీ తీశాను. 36 దాటినా లివర్ తిరుగుతూనే ఉంది. రెండు మూడు ఫోటోలు ముఫ్త్‌లో వచ్చాయని సంబరపడ్డాను.

లివర్ అలా తిరగడమే జవాబు. రీలు అంచు లోపలి స్పూలును పట్టుకోలేదు. రీలు ఒక్క అంగుళం కూడా కదల్లేదు. ఫిల్ము తిప్పినప్పుడల్లా ఎడమవైపు రివైండ్ నాబ్ కూడా తిరుగుతుందా అని చూసుకోవాలని నాకు తెలియదు. విజయవాడ ల్యాబ్ నుంచి తెల్లగా, ఖాళీగా వచ్చింది రీలు. ఎనిమిది నెలలకు అబ్బా ఇంతెఖాల్ అయ్యాడు. ఆ రోజు అబ్బా ఎలా ఉన్నాడో చూపించే కాగితం ముక్క ఒక్కటి మా ఇంట్లో లేదు. ఆపా నన్ను ఈ పాతికేళ్లలో ఒక్క మాట అనలేదు. ఆ మాట అనకపోవడమే నా మీద ఉన్న ఖర్జ్.

అందుకే రెండు కార్డులు. ఒకే ఫోటోను కెమెరా ఒకేసారి రెండు కార్డుల మీద రాస్తుంది. ఒకటి చెడినా రెండోది ఉంటుంది. పాత కెమెరా కొనేవాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే. కొత్త మోడల్ అయినంత మాత్రాన అన్నిట్లో మెరుగని అనుకోకండి. నికాన్ డి7200లో 2015లోనే రెండు స్లాట్లు ఉన్నాయి. 2017లో దాని తర్వాత వచ్చిన డి7500లో ఒకటే ఉంచారు. డి7200 మా బడ్జెట్‌లో హాయిగా పట్టేది, కానీ సెన్సర్ చిన్నది. కానన్ 5డి మార్క్ త్రీలో రెండు స్లాట్లున్నా ఒకటి సీఎఫ్, ఒకటి ఎస్‌డీ. రెండు రకాల కార్డులు కొనాలి. చివరికి నికాన్ డి750 మీద ఆగాం. 2014 మోడల్, ఫుల్ ఫ్రేమ్, రెండూ ఎస్‌డీ స్లాట్లే, 51 ఫోకస్ పాయింట్లు. ఖుత్బా చదివేటప్పుడు షట్టర్ చప్పుడు తగ్గించే మోడ్ కూడా ఉంది. ఇంకో లాభం, నా డి90దీ అదే మౌంటు. ఒకవేళ పెళ్లి మధ్యలో బాడీ మొండికేస్తే, అదే లెన్సు తీసి డి90కి తగిలించి పని నడిపించవచ్చు. రెండో బాడీ కొనే తాహతు లేనివాళ్లు ఇంట్లో ఉన్న పాతదాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

భాంజీ జగ్గయ్యపేటలో బస్సెక్కింది, నేను నందిగామలో ఎక్కాను. విజయవాడ దాకా ఫోన్లో ఏమేం చూడాలో రాసుకుంటూనే ఉంది. మొదటి దుకాణంలో "ముప్పై వేల క్లిక్కులే" అన్నారు. భాంజీ తన కార్డు పెట్టి ఒక ఫోటో తీసి, ఫైల్ వివరాలు ఫోన్లో తెరిచింది. నికాన్‌లో ఆ లెక్క ఫోటో ఫైల్లోనే ఉంటుంది. లక్షా పదకొండు వేలు! ఖుదా హాఫిజ్ చెప్పి దిగాం. రెండో దుకాణంలో 62 వేలు. ఈ మోడల్ షట్టర్‌ను లక్షన్నరకు పరీక్షిస్తారు కాబట్టి సగం పైనే ఉమ్ర్ మిగిలి ఉంది. తెల్ల కాగితాన్ని ఎఫ్/16లో తీసి సెన్సర్ మీద మచ్చలున్నాయేమో చూసింది. లెన్సు మూత పెట్టి తీసి హాట్ పిక్సెళ్లు వెతికింది. రెండు స్లాట్లలోనూ రాస్తోందా అని విడివిడిగా పరీక్షించింది. తొలి ఏళ్లలో తయారైన కొన్ని డి750ల షట్టర్లలో లోపం ఉందని కంపెనీయే ప్రకటించి ఉచితంగా మార్చింది కనుక, సీరియల్ నంబర్ కూడా సరిచూసింది. అది చూస్తుంటే 1999లో నాకు ఆ సబర్‌లో పావు వంతు ఉన్నా బాగుండేదనిపించింది.

హిసాబ్ ఇది. బాడీ 58 అంటే 54 వేలకు దిగాడు. పాత 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు 8 వేలు, ఫ్లాష్ 9 వేలు, 64 జీబీ కార్డులు రెండు, ఇంకో బ్యాటరీ కలిపి 5 వేలు. మొత్తం 76. మిగిలిన 9 వేలు రిపేరు కోసం ఆపా దగ్గరే.

ఒక్క హెచ్చరిక. రెండు స్లాట్లున్న కెమెరా కొంటే సరిపోదు. మెనూలో రెండో స్లాటును ఓవర్‌ఫ్లో మీద వదిలేస్తే, మొదటి కార్డు నిండాకే రెండోదానిలోకి వెళ్తుంది. అప్పుడు రెండున్నా ఒకటున్నట్టే. బ్యాకప్ అని మార్చుకోవాలి.

భాంజీ చేస్తున్నది కొత్త పనేం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్, 'ముసవ్విర్ జంగ్' ఖితాబ్ పొందినవాడు, 1892లోనే హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. పర్దా ఆడవాళ్లను తీయడానికి అక్కడ ఓ ఇంగ్లీషు మేడమ్‌ను పెట్టాడు. అప్పుడు బేగంలకు దొరికింది ఇప్పుడు మన గల్లీల్లో మెహందీ పెట్టే పిల్ల వల్ల మన బిడ్డలకు దొరుకుతోంది.

కానీ జనానాలో తీసిన ఫోటో అమానత్. డిగ్రీ రోజుల్లో ఈ మాటకు సరైన తెలుగు మాట కోసం వెతికాను. తాకట్టు కాదు, అప్పు కాదు, దానం అసలే కాదు. పెళ్లిలో 'అప్పగింతలు' అంటారే, ఆ మాటే దగ్గరగా ఉంటుంది. మనదానిలా చూసుకోవాలి, మనది అనుకోకూడదు. భాంజీ తన షరతులు తనే పెట్టుకుంది. ఇజాజత్ లేకుండా ఒక్క ఫోటో కూడా స్టేటస్‌లో పెట్టదు. ప్రచారం కోసం చేతుల మెహందీ, జరీ, పూలు మాత్రమే వాడుతుంది. ఆల్బం చేరాక ఫైళ్లు దుల్హన్ ఇంటివాళ్లకే ఇచ్చి, తన దగ్గరివి తుడిచేస్తుంది. ల్యాబ్‌కు పంపేటప్పుడు ఎవరి చేతిలో పెడుతోందో పేరు రాసుకుంటుంది.

మొదటి షాదీ నందిగామలో. ఆపా కూడా తోడు వెళ్లింది. రుఖ్సతీ అయ్యాక, కెమెరా ఆపి, భాంజీ రెండో కార్డు తీసి ఆపా చేతిలో పెట్టింది. రెండు కార్డులు ఒకే సంచిలో పోకూడదని దాని లెక్క. ఆపా దాన్ని దుపట్టా కొంగులో ముడేసుకుంది.

బస్టాండులో కూర్చున్నాక ఆపా కెమెరా తెర చూపించమంది. ఒకచోట ఆగింది. దుల్హన్ తండ్రి బిడ్డ తల మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. ఆపా చాలాసేపు చూసింది. నేను రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

"బాగా వచ్చిందా?" అని అడిగాను చివరికి.

"వచ్చింది" అంది ఆపా. కొంగు ముడి ఓసారి తడిమి చూసుకుంది. జగ్గయ్యపేట బస్సు వచ్చింది.