బువ్వన్నగారి కూతురు

గోదావరి సముద్రాన్ని చేరబోయే ముందు పాయలుగా చీలి, ఆ పాయల నడుమ కోనసీమను నిలిపింది. నేటి ప్రయాణికుడికి ఆ సీమ పేరు చెప్పగానే వంతెనలు, కొబ్బరితోటలు గుర్తుకు వస్తాయి. నూటయాభై ఏళ్ల క్రితం మాత్రం అది రేవుల సీమ. ఒక ఊరి నుంచి మరో ఊరికి పోవాలంటే పడవ కోసం కాచుకోవాలి. గాలి ఎదురైనా, వరద పొంగినా, పొద్దు గూకినా ఆ రేవులోనే ఆగిపోవాలి. పట్టణాల్లో పూటకూళ్ల ఇళ్లు ఉండేవి గాని, లంక గ్రామాల్లో డబ్బిచ్చి అన్నం కొనుక్కునే చోటు అరుదు. అన్నం అమ్ముకోవడం పాపమన్న భావన కూడా పల్లెల్లో బలంగా ఉండేది. అందువల్ల బాటసారి ప్రాణం దారిలో ఎవరో ఒక ఇల్లాలి పొయ్యిని నమ్ముకుని నడిచేది.

అటువంటి పొయ్యి ఒకటి వైనతేయ గోదావరి దాపున, లంకల గన్నవరం గ్రామంలో, పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో దశాబ్దాల తరబడి ఆరకుండా వెలిగింది. ఆ ఇల్లాలు డొక్కా సీతమ్మగారు. రాజ్యం గాని, మఠం గాని, పాండిత్య ప్రతిష్ఠ గాని ఆమె వెనుక లేవు. వచ్చినవారికి వండి పెట్టడమే ఆమె జీవితమంతా చేసిన పని.

ఆమె కథను ఆమె తండ్రి దగ్గర మొదలుపెట్టడం న్యాయం. సీతమ్మగారు 1841లో మండపేటలో అనుపిండి భవానీశంకరం, నరసమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టేవారు. క్రమంగా ఊరివారు ఆయన అసలు పేరు మరిచిపోయి ‘బువ్వన్న’ అని పిలవసాగారు. బువ్వ అనేది తెలుగు పిల్లలు మొట్టమొదట నేర్చుకునే మాటల్లో ఒకటి. ఆకలికీ అమ్మకూ మధ్య ఉండే మాట. రాజులిచ్చిన బిరుదులు శాసనాల్లో మిగిలాయి. ఆకలిగొన్నవారు ఇచ్చిన ఈ బిరుదు మనుషుల నాలుక మీద మిగిలింది.

ఆ తరానికి ఆకలి పుస్తకాల్లో చదివిన విషయం కాదు. 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను శ్మశానం చేసింది. జిల్లాలోని 5 లక్షల జనాభాలో సుమారు 2 లక్షల మంది మరణించారని నాటి అంచనా. నీటి ఏర్పాటు లేని గోదావరి జిల్లాలు కూడా ఒక ఏడు అనావృష్టితో, మరో ఏడు వరదతో కుంగిపోయేవి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంటే సీతమ్మగారి బాల్యమూ, ఆనకట్ట నిర్మాణమూ ఇంచుమించు ఒకే కాలంలో సాగాయి. ఒకవైపు ప్రభుత్వం రాతితో నదికి అడ్డుకట్ట వేస్తుండగా, మరొకవైపు మండపేటలో ఒక తండ్రి తన కుమార్తె చేతికి గరిటె అందించాడు.

బోధనతో ఇవ్వలేని విశ్వాసాన్ని ఆయన అలవాటుతో ఇచ్చారు. చిన్నతనంలోనే తల్లి పోవడంతో ఇంటి బాధ్యత ఆ బాలిక మీద పడింది. తండ్రి పిలుచుకు వచ్చే అతిథులకు ఆమే వడ్డించేది. గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారు ఒకనాడు మధ్యాహ్నవేళ ఆ ఇంటికి అతిథిగా వచ్చి, ఆమె ఆదరణ చూసి, ఆమెను వివాహమాడదలచారని చెబుతారు. ఆయనకు సాగుభూమి ఉంది, ఇంట పాడి ఉంది. అంతకు మించి, పెట్టే చేతిని అడ్డుకోని మనసు ఉంది.

గన్నవరంలోని ఆ ఇంట భోజనానికి వేళ అంటూ లేదు. పడవ దిగినప్పుడే భోజనవేళ. వచ్చినవారి కులమేది, మతమేది, ఏ పని మీద వచ్చారు అన్న విచారణ ఉండేది కాదని ఆ ప్రాంతంవారు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ కాలపు సంప్రదాయ కుటుంబంలో ఇది ఎంత కష్టమైన నిర్ణయమో నాటి సాంఘిక చరిత్ర తెలిసినవారు ఊహించగలరు. ఎడతెగని ఖర్చుతో సంపద తరిగిపోతున్న సమయంలో పొలంలో లంకెబిందె దొరికిందని కూడా ఒక కథ ఉంది. అద్భుతం జరగనిదే ఇంత అన్నదానం సాధ్యం కాదని లోకం అనుకున్నదేమో! కాని కాలువల కింద పండిన ధాన్యం, పెరటి కూరగాయలు, తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి వరకు ఒక స్త్రీ పడిన శ్రమ, ఈ మూడూ ఏ లంకెబిందెకూ తీసిపోవు.

ఇంటికి వచ్చినవాడు ఎవరు? ఈ ప్రశ్న గోదావరి తీరానికే పరిమితమైనది కాదు. అతిథిని దైవంగా చూడమని ఉపనిషత్తు ఉపదేశించింది. యూదులు, క్రైస్తవులు, మహమ్మదీయులు ముగ్గురూ తండ్రిగా భావించే అబ్రాహాము కథలోనూ ఇదే ప్రశ్న ఉంది. మమ్రే వద్ద వృక్షాల నీడన, ఎండ మండుతున్న వేళ, డేరా గుమ్మంలో కూర్చున్న ఆ వృద్ధుడికి ముగ్గురు అపరిచితులు కనిపించారు. ఆయన పరుగున ఎదురేగి, కాళ్లకు నీళ్లిచ్చి, రొట్టెలు చేయించి, లేగదూడ మాంసం, వెన్న, పాలు వారి ముందు ఉంచాడు. తినడానికి కూర్చున్నవారు దివ్యలోకం నుంచి వచ్చినవారని అప్పటికి ఆయనకు తెలియదు. ఖురాన్‌లోనూ ఈ ఘట్టం ఉంది. అక్కడ వడ్డించిన దూడ మాంసం వైపు అతిథుల చేతులు చాచుకోకపోవడంతో ఇబ్రాహీం మనసులో భయపడతాడు. అప్పుడు వారు తాము దైవదూతలమని వెల్లడిస్తారు. అంటే ఆకలి లేకపోవడమే దేవదూతలను పట్టి ఇచ్చింది!

ఆ ఆతిథ్యం కథగానే మిగిలిపోలేదు. 1047లో హెబ్రోన్‌ను సందర్శించిన పర్షియన్ యాత్రికుడు నాసిర్ ఖుస్రో, అబ్రాహాము సమాధి ఉన్న ఆ పట్టణంలో వచ్చిన ప్రతివారికీ రొట్టె, ఒలీవ నూనెతో వండిన పప్పు, ఎండుద్రాక్ష ఇచ్చేవారని, కొన్ని రోజులలో 500 మంది వరకు వచ్చేవారని రాశాడు. ఒక తండ్రి అలవాటు వేల ఏళ్ల తరువాత ఒక ఊరి ధర్మమైంది.

అయితే తండ్రులందరూ బువ్వన్నలు కారు. తల్వండీ గ్రామంలో మెహతా కాలూ పట్వారీ. మన పరిభాషలో కరణం. లెక్కలే ఆయన వృత్తి. సిక్కుల జన్మసాఖీ కథల ప్రకారం ఆయన తన కుమారుడు నానక్ చేతికి 20 రూపాయలిచ్చి, లాభసాటి బేరం చేసుకు రమ్మని పంపాడు. దారిలో చూహడ్‌కానా వద్ద ఆకలితో ఉన్న సాధువులు కనిపించగా, ఆ యువకుడు డబ్బంతా వారి భోజనానికి వెచ్చించి ఇంతకంటే నిజమైన బేరం ఏముంటుందనుకున్నాడు. తండ్రికి కోపం వచ్చింది, చేయి చేసుకున్నాడు. మెహతా కాలూను నిందించడం తేలిక. కాని జమాఖర్చు సరిపోకపోతే సంసారం ఏమవుతుందో తెలిసిన తండ్రి ఆయన. ఆ దెబ్బ వెనుక ఉన్నది లోభం కాదు, భయం. గురునానక్ నెలకొల్పిన సహపంక్తి భోజనం ‘లంగర్’గా నేటికీ సాగుతోంది. తండ్రి చిట్టాలో నష్టంగా నమోదైన 20 రూపాయలు చరిత్రలో జమకు ఎక్కాయి.

సీతమ్మగారికి కూడా దైవానికీ ఆకలికీ మధ్య ఎంచుకోవలసిన ఘడియ ఒకటి వచ్చింది. వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట అంతర్వేదిలో వెలసిన లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవాలన్నది ఆమె చిరకాల వాంఛ. నిత్యం అతిథులున్న ఇల్లు విడిచి వెళ్లడం ఎన్నటికీ కుదరలేదు. చివరికి ఒకనాడు పల్లకిలో బయలుదేరారు. బోయీలు దారిలో ఒకచోట అలసట తీర్చుకుంటుండగా, గన్నవరం వైపు నడిచిపోతున్న బృందం మాటలు ఆమె చెవిన పడ్డాయట. ఆకలికి ఏడుస్తున్న పిల్లలను పెద్దలు ఓదారుస్తున్నారు: కొంచెం ఓర్చుకోండి, సీతమ్మగారి ఇల్లు దగ్గరపడింది, అక్కడ కడుపునిండా అన్నం దొరుకుతుంది. ఆమె పల్లకిని వెనక్కు తిప్పమన్నారు. ఆ బృందం కంటే ముందే ఇల్లు చేరి పొయ్యి రాజేశారు.

స్వామి దర్శనం వదులుకోవడం భక్తురాలికి చిన్న త్యాగం కాదు. తాను లేని ఇంటి ముందు పిల్లలు నిలబడతారన్న తలపు మొక్కుబడి కంటే ఆమెకు బరువనిపించింది. వచ్చేవారు దేవదూతలో, మామూలు బాటసారులో ఆమె విచారించలేదు. ఆకలి ఉన్నదన్న సంగతి తెలిస్తే ఆమెకు చాలు.

ఆకలి విషయంలో అదే కాలంలో ప్రభుత్వం వేసిన ప్రశ్నలు వేరు. 1876–78 మహాక్షామంలో మద్రాసు రాజధానిని ఆదుకోవలసిన అధికారులు, ఎంత తక్కువ తిండితో మనిషి పని చేయగలడన్న చర్చ సాగించారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లోని పురుషుడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. అది శరీరానికి చాలదని శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పట్టుబట్టి వాదించాడు. కొలతలు లేకుండా ప్రభుత్వం నడవదు, నిజమే. కాని కొలిచేవాడికి బువ్వన్న కూతురి చెవి లేనప్పుడు కొలత క్రూరంగా మారుతుంది. కార్నిష్ వంటి ఉద్యోగి ఒకడైనా ఆ దస్త్రాల్లో ఉండడం పాలనా చరిత్రకు ఊరట.

ఆ ప్రభుత్వమే తరువాత సీతమ్మగారిని వెతుక్కుంటూ వచ్చింది. 1903 జనవరి 1న ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక సందర్భంగా ఢిల్లీలో దర్బారు జరిగింది. ఆమెకు ఆహ్వానం అందిందని, ఆమె ప్రయాణానికి అంగీకరించలేదని, కనీసం ఛాయాచిత్రమైనా కావాలని అధికారి కోరాడని కోనసీమలో చెప్పుకుంటారు. అన్నం పెట్టినందుకు బొమ్మ తీయించుకోవడం ఆమెకు నచ్చలేదు. చిత్రం పంపకపోతే తన ఉద్యోగానికే ముప్పు అని అధికారి బతిమాలుకోగా, ఒకరి పొట్టకూటికి తాను అడ్డు కాకూడదని ఆమె ఒప్పుకున్నారట. కథ చెప్పేవారు ఈ చోట నవ్వుతారు. నవ్వి, ఒక క్షణం మౌనంగా ఉంటారు. ఆమె చిత్రం నేటికీ మనకు మిగలడానికి కీర్తికాంక్ష కారణం కాదు. ఆ రోజు ఆమె ఇంటికి వచ్చిన ఆపన్నుడు ఒక ప్రభుత్వోద్యోగి.

1909లో సీతమ్మగారు కన్నుమూశారు. గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని దాటించే పాత అక్విడక్టు ఆనకట్ట కాలం నాటిది. దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే ఉంచింది. పేరు పెట్టడం ఒక ఉత్తర్వుతో అయ్యే పని. ఆ పేరుకు తగినట్టు వడ్డించడం ప్రతిరోజూ, ప్రతి బడిలో, కొత్తగా చేయవలసిన పని. లెక్క ప్రకారం గ్రాములు సరిపోయాయా అని తనిఖీ చేసే అధికారి మరొక్కటి కూడా చూడవలసి ఉంటుంది: మారు అన్నం అడగడానికి వెనుకాడే పిల్ల ఎవరైనా వరుస చివర కూర్చుని ఉందా?

మండపేటలోని ఆ తండ్రి తన కూతురికి నేర్పినది ఆ చూపే.